‘మహిళకు పోయింది’, ‘జనరల్ వచ్చింది’: పంచాయతీ ఎన్నికల్లో పార్టీల మద్దతును ఎలా లెక్కించాలి?

2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అంతకు ముందు, రిజర్వేషన్ల జాబితా వెలువడిన రోజుల్లో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎక్కడ నలుగురు కూడినా రెండు మాటలు వినిపించేవి. ‘మా ఊరికి జనరల్ వచ్చింది’ అన్నది ఒకటి. ‘మా ఊరు మహిళకు పోయింది’ అన్నది రెండోది. ఒకటి రావడం, ఇంకొకటి పోవడం. ఈ మాటలు అన్నవారిలో చెడ్డవాళ్లెవరూ లేరు. నోటికి అలవాటైన మాటలే అవి. కానీ జనరల్ స్థానం మగవాళ్ల సొత్తు అనీ, మహిళా స్థానం వాళ్ల చేజారిన సొత్తు అనీ ఆ అలవాటులో ఇమిడి ఉంది. చట్టంలో అలా ఎక్కడా లేదు.

ఎన్నికలయ్యాక ప్రతి పార్టీ నాయకులూ చెప్పే మాట మరొకటి ఉంది: ‘మేం బలపరిచిన వారిలో సగం మంది మహిళలే.’ అంకెల్లో ఇది చాలావరకు నిజం. అయితే ఆ సగంలో చట్టం ఇచ్చినదెంత, పార్టీ ఇష్టపడి ఇచ్చినదెంత అని విడదీసి చూస్తే చిత్రం మారిపోతుంది. ఎలా విడదీయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

బీ-ఫారం వేరు, ‘బలపరిచిన అభ్యర్థి’ వేరు

ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరుగుతాయి. అక్కడ పార్టీ అభ్యర్థి అంటే బీ-ఫారం అందుకున్న వ్యక్తి. అది సంతకంతో ఉన్న కాగితం. ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో లెక్కపెట్టవచ్చు, నిలదీయవచ్చు.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీరహితం. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యులకు తెల్ల బ్యాలెట్. వాటిమీద ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ వంటి గుర్తులే తప్ప పార్టీ గుర్తు ఉండదు. అయినా ఏ ఊళ్లో ఎవరు ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలుసు. మెడలో కండువా, ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే ఫొటో, మండల నాయకుడి కారు, పోలింగ్ రోజు ఏజెంట్లు, చేతి ఖర్చు. ఇవన్నీ కలిస్తేనే ‘పార్టీ బలపరిచిన అభ్యర్థి’. ఇది కాగితం మీద కనిపించే హోదా కాదు. ఎన్నికల సంఘం ప్రకటించే సర్పంచ్ ఫలితాల్లో పార్టీ గడి ఉండదు కాబట్టి ‘ఇన్ని పంచాయతీలు మావే’ అని పార్టీలు చెప్పుకునే సంఖ్యలు వాటి సొంత లెక్కలే.

మహిళల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. బీ-ఫారం రాని మహిళ తనను పక్కన పెట్టారని అందరి ముందూ చెప్పగలదు. సర్పంచ్ ఎన్నికలో మద్దతు దక్కని మహిళకు చూపించుకునే ఆధారమే ఉండదు. ఓ రాత్రి ఎవరి ఇంటి అరుగు మీదో నలుగురు కూర్చుని నిర్ణయం తీసుకుంటారు. తెల్లవారితే ‘అందరం ఒక మాట అనుకున్నాం’ అంటారు. ఆ అందరిలో ఆమె లేదు. ఏకగ్రీవాలు చాలా చోట్ల తేలేదీ ఇలాంటి అరుగుల మీదే.

చట్టం ఇచ్చేది ఎంత?

రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 243-డి అధికరణ పంచాయతీల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా స్థానాలు మహిళలకు కేటాయించాలని చెప్పింది. బిహార్ 2006లో దాన్ని సగానికి పెంచిన మొదటి రాష్ట్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో అదే చేసింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలోనూ సగమే ఉంది.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. ఎస్టీ, ఎస్సీ, బీసీ రిజర్వేషన్లను నిలువు గీతలుగా ఊహించండి. స్థానాలన్నీ ఆ గీతల మధ్య నాలుగు గదులుగా విడిపోతాయి. మహిళా రిజర్వేషన్ ఆ నాలుగు గదులనూ అడ్డంగా కోసుకుంటూ పోయే గీత. అందుకే ఎస్సీ మహిళ, బీసీ మహిళ, జనరల్ మహిళ అన్న పేర్లు వస్తాయి. సుప్రీంకోర్టు 2010లో కృష్ణమూర్తి కేసులో 50 శాతం పరిమితి గురించి చెప్పింది నిలువు గీతల మొత్తానికి. మహిళల వాటాను అదే తీర్పు సమర్థించింది. 2025లో బీసీలకు 42 శాతం ఇస్తూ వచ్చిన జీవోపై హైకోర్టు అక్టోబరు 9న స్టే ఇచ్చినప్పుడు కూడా వివాదం నిలువు గీతల గురించే. మహిళల సగం ఎక్కడికీ పోలేదు. కానీ ఏ ఊరు ఏ గదిలో పడుతుందన్నది మళ్లీ మొదటికి వచ్చింది. సెప్టెంబరు చివర్లో ఒక జాబితా, నవంబరులో మరో జాబితా. మొదటి జాబితా చూసి ధైర్యం చేసి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టిన మహిళ, రెండో జాబితాలో తన ఊరు జనరల్‌లో ఉంటే ఏం చేయాలి? చట్టం ప్రకారం ఆమె నిక్షేపంగా పోటీ చేయవచ్చు. పార్టీ మాత్రం ‘ఇప్పుడు జనరల్ కదా’ అంటుంది.

ఒక మండలం లెక్క

ఓ ఊహా మండలం తీసుకుందాం. 24 గ్రామ పంచాయతీలు. ఎస్టీకి 4, ఎస్సీకి 4, బీసీకి 4, మిగతా 12 అన్‌రిజర్వుడు. ప్రతి గదిలో సగం మహిళలకు: రెండు, రెండు, రెండు, ఆరు. మొత్తం 12 మహిళా స్థానాలు. మిగిలిన 12 స్థానాల్లో ఆ వర్గానికి చెందిన స్త్రీ అయినా పురుషుడైనా నిలబడవచ్చు. వీటిని ‘తెరిచి ఉన్న స్థానాలు’ అందాం. ‘జనరల్’ అంటే ఇందులో కొన్ని మాత్రమే. ‘ఎస్సీ జనరల్’, ‘బీసీ జనరల్’ కూడా తెరిచి ఉన్నవే.

‘క’ అనే పార్టీ 24 చోట్లా అభ్యర్థులను బలపరిచింది. మహిళా స్థానాల్లో 12 మంది మహిళలు, తెరిచి ఉన్న స్థానాల్లో 12 మంది పురుషులు. ‘సగం మహిళలకే ఇచ్చాం’ అని ప్రకటించింది. 24లో 12, నిజంగానే సగం. కానీ ఆ 12 చోట్ల పురుషుడిని నిలబెట్టే వీలే లేదు. పార్టీకి స్వేచ్ఛ ఉన్న చోట్లు 12. అక్కడ మహిళలు సున్నా.

‘చ’ అనే పార్టీ 20 చోట్ల బలపరిచింది. మహిళా స్థానాలు 10, తెరిచి ఉన్నవి 10. ఈ రెండో పదిలో ముగ్గురు మహిళలు. మొత్తం చూస్తే 20లో 13, అంటే 65 శాతం. స్వేచ్ఛ ఉన్న చోట 10లో 3, అంటే 30 శాతం. ‘క’ కంటే మెరుగే. ఇంకొక మెట్టు దిగి చూద్దాం. ఆ పది ఊళ్లలో ‘చ’ పార్టీకి గట్టి బలం ఉన్నవి ఆరు, గతంలో మూడో స్థానానికి పడిపోయినవి నాలుగు. ముగ్గురు మహిళల్లో ఒకరు బలమైన ఊళ్లో, ఇద్దరు బలహీనమైన ఊళ్లలో నిలబడ్డారనుకుందాం. గెలిచే అవకాశం ఉన్న ఆరింటిలో మహిళలు ఒకరు, అంటే 17 శాతం. ఓడిపోతామని తెలిసిన నాలుగింటిలో ఇద్దరు, అంటే 50 శాతం. రేపు ఆ ఇద్దరూ ఓడితే, ‘చూశారా, జనరల్‌లో ఆడవాళ్లు గెలవరు’ అన్న మాటకు అవే ఉదాహరణలవుతాయి.

కాబట్టి మద్దతు జాబితా చేతికి వచ్చినప్పుడు మొత్తం సంఖ్యతో ఆగకూడదు. తెరిచి ఉన్న స్థానాల్లో మహిళలెందరు, వాటిలో పార్టీకి బలమున్న ఊళ్లు ఎన్ని అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికే దాకా చూడాలి. మూడో ప్రశ్న ఖర్చుది. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 1.5 లక్షల రూపాయలు, అంతకు మించిన జనాభా ఉంటే 2.5 లక్షలు. ఆ పరిమితి లోపలి డబ్బు కూడా తన పేరున లేని మహిళకు పార్టీ కండువా ఒక్కటే ఇస్తే అది సగం మద్దతే.

ఈ లెక్కకు గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని కొట్టిపారేయలేం. ‘మహిళా స్థానాల్లో మగవాళ్లు ఎలాగూ నిలబడలేరు. తెరిచి ఉన్న 12లో కూడా సగం మహిళలకిస్తే మొత్తం 24లో 18 వాళ్లవే అవుతాయి. మగవాళ్లకు మిగిలేది పావు. ఇది న్యాయమా?’ అని కార్యకర్తలు అడుగుతారు. పదేళ్లు జెండా మోసిన మనిషికి తన ఊరు జనరల్ అయ్యేది ఒక్కసారే కావచ్చు. దీనికి మహిళా సంఘాల నుంచి వచ్చే జవాబు రాజ్యాంగంలోని మాటే: ‘తక్కువ కాకుండా’. రిజర్వేషన్ ఇంతకు తగ్గకూడదనే చెబుతుంది, ఇంతకు మించకూడదని చెప్పదు. జనరల్ స్థానంలో బీసీ అభ్యర్థి గెలిస్తే ఎవరి వాటానూ లాక్కున్నట్టు కాదు గదా అని వాళ్లు గుర్తుచేస్తారు. నా మట్టుకు, తెరిచి ఉన్న స్థానాల్లో సరిగ్గా సగం ఉండి తీరాలని అనను. కానీ 12లో సున్నా ఉందంటే, చట్టం తెరిచి ఉంచిన తలుపును అరుగు మీద కూర్చున్నవాళ్లు మూసేశారని అర్థం. సగానికీ సున్నాకూ మధ్య చాలా దూరముంది.

రిజర్వేషన్ లేని చోట ఏం జరుగుతోంది?

స్వేచ్ఛగా వదిలేస్తే పార్టీలు ఏం చేస్తాయో చూడాలంటే అసెంబ్లీ టికెట్ల వైపు చూడాలి. అక్కడ మహిళా రిజర్వేషన్ ఇంకా అమలు కాలేదు. 2023లో తెచ్చిన 106వ సవరణ చట్టసభల్లో మూడో వంతు స్థానాలు కేటాయించి, అమలును జనగణనతో, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టింది.

2023 ఎన్నికల్లో తెలంగాణలోని 119 స్థానాల్లో గెలిచిన మహిళలు 10 మంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ 14, ఉమ్మడి నల్లగొండ 12, కలిపి 26 స్థానాల్లో ఇద్దరు: నారాయణపేటలో పర్ణికారెడ్డి, కోదాడలో పద్మావతి. అదే ఉమ్మడి ప్రాంతంలోని ఎనిమిది జిల్లా పరిషత్తుల్లో, రిజర్వేషన్ వర్తించే చోట, 2019లో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట, సూర్యాపేట అధ్యక్ష పదవులు మహిళలకు దక్కాయి. ఎనిమిదిలో ఐదు. మండలాలు దాదాపు అవే, ఓటర్లు చాలావరకు వాళ్లే, పార్టీలూ అవే. తేడా ఒక్కటే: ఒకచోట చట్టం ఉంది, మరోచోట పార్టీ ఇష్టం ఉంది.

కింది మెట్టు నుంచి పై మెట్టుకు దారి పూర్తిగా మూసుకుపోయిందనీ అనలేం. గద్వాల జిల్లా పరిషత్ అధ్యక్షురాలైన సరిత 2023లో గద్వాల అసెంబ్లీ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు, ఓడిపోయారు. అదే గద్వాలలో 2004లో డి.కె.అరుణ సమాజ్‌వాదీ పార్టీ గుర్తు మీద గెలిచారు. తెలంగాణ పల్లెల్లో ఉనికే లేని పార్టీ గుర్తు అది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో ఆమె బీజేపీ అభ్యర్థిగా మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు.

ఇంకా వెనక్కి వెళితే రిజర్వేషన్ ఊసే లేని కాలంలో ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి 1952 మొదలు మూడుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో గెలిచారు. ఆడవాళ్లను జనం గెలిపించరని ఈ నేల మీద నిలబడి అనడం ఎవరికైనా కష్టమే. వాళ్లను ఎన్నికల ముందు వారం రోజుల్లో ఎవరో వెతికి పట్టుకోలేదు. సాయుధ పోరాటంలో ఏళ్ల తరబడి పనిచేసి జనంలోంచి వచ్చారు. వాళ్ల పార్టీ వాళ్లను గుర్తించింది.

‘గెలిచే మహిళ దొరకడం లేదు’ అన్న మాట

మద్దతు ఇవ్వకపోవడానికి నాయకులు చెప్పే కారణాల్లో అన్నింటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. ఇందులో రెండు వాదనలు కలిసి ఉన్నాయి. ఒకటి, మహిళలు గెలవరు. రెండు, మహిళలు దొరకరు. వేటికవే విడిగా చూడాలి.

గెలుపు సంగతికి దేశంలో ఒక మంచి పరీక్ష జరిగింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో రెండు పార్టీలు చట్టం అడగకుండానే తమంతట తామే మహిళలకు వాటా ఇచ్చాయి. ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 స్థానాల్లో 7 చోట్ల మహిళలను నిలిపింది. ఐదుగురు గెలిచారు. మిగతా 14 మంది పురుషుల్లో గెలిచింది ఏడుగురు. అంటే మహిళల్లో 71 శాతం, పురుషుల్లో 50 శాతం. బెంగాల్‌లో తృణమూల్ 42 చోట్ల 17 మంది మహిళలను నిలిపితే 9 మంది గెలిచారు. 25 మంది పురుషుల్లో 13 మంది గెలిచారు. ఇక్కడ ఇద్దరిదీ ఇంచుమించు సమానం. రెండు రాష్ట్రాలు, ఒక్క ఎన్నిక. దీన్నిబట్టి మహిళలే ఎక్కువ గెలుస్తారని అనకూడదు. పార్టీ మనస్ఫూర్తిగా నిలబెడితే పురుషుల కంటే తీసిపోరని మాత్రం అనవచ్చు. ఒడిశాలో గెలిచిన ఐదుగురిలో ప్రమీలా బిసోయి ఒకరు. ఆమె స్వయం సహాయక సంఘం నుంచి నేరుగా లోక్‌సభకు వెళ్లారు.

రిజర్వేషన్ తొలగిన తర్వాత ఏమవుతుందన్నది మరో ప్రశ్న. ముంబై నగరపాలక సంస్థలో 1997లో మహిళలకు కేటాయించిన వార్డులు 2002లో జనరల్ అయినప్పుడు, అక్కడ మహిళ గెలిచే అవకాశం ఎప్పుడూ కేటాయించని వార్డులతో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు ఉందని రిఖిల్ భావ్‌నానీ చేసిన అధ్యయనం చూపింది. మహిళ పాలన చూసిన ఓటరు తర్వాత మహిళను తోసిపుచ్చడం తగ్గుతుందని బెంగాల్ గ్రామాల అధ్యయనాలూ చెప్పాయి. ఇలాంటి ఊళ్లలో పదవిలో ఉన్న మహిళను, ఊరు జనరల్ కాగానే పార్టీ పక్కన పెట్టి ఆమె భర్తనో మరో పురుషుడినో నిలబెడితే, ఐదేళ్లలో ఆమె కూడబెట్టుకున్న పేరును పార్టీయే పారేసుకుంటుంది. మన పల్లెల్లో తరచూ జరిగేది ఇదే. నాకు అన్నింటికంటే బాధ కలిగించేదీ ఇదే.

‘దొరకరు’ అన్న రెండో వాదనలో కొంత నిజముంది, కారణాలు మాత్రం మహిళల్లో లేవు. ఏ ఊరు మహిళా స్థానమో లాటరీలో తేలుతుంది. నామినేషన్లకు ఇచ్చే గడువు మూడు రోజులు. పురుషుడు తన ఊరు ఎప్పుడో ఒకప్పుడు కలిసొస్తుందని ఏళ్ల ముందు నుంచే పెళ్లిళ్లకు, చావులకు తిరుగుతూ, ఆసుపత్రి ఖర్చులకు చేయి చాపినవాళ్లకు ఇస్తూ సిద్ధమవుతాడు. మహిళకు ఆ తిరుగుడుకు వీలుండదు. పైగా ఆమె ఆ ఊరి కోడలు. పుట్టిన ఊళ్లో చిన్నప్పటి నుంచి తెలిసిన ముఖాలన్నీ పెళ్లితో దూరమవుతాయి. ఓటు అత్తగారి ఊరికి మారుతుంది. అక్కడ ఆమెను జనం ‘ఫలానా వాళ్ల కోడలు’గానే ఎరుగుదురు. పాలమూరు వలస కుటుంబాల్లో అయితే సంవత్సరంలో సగం రోజులు ఊళ్లోనే ఉండరు. ఇద్దరు పిల్లల నిబంధన కూడా దశాబ్దాల పాటు అడ్డుపడింది. మూడో కాన్పు తన నిర్ణయం కాని మహిళలు కూడా దానివల్ల అనర్హులయ్యారు. తెలంగాణ ఆ నిబంధనను 2025 చివర్లో తొలగించింది.

అయినా వెతికితే దొరికే చోటు ప్రతి ఊళ్లో ఉంది. పొదుపు సంఘాలు, వాటి మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య. లక్షల రూపాయల బ్యాంకు రుణాలను పంచి, వాయిదాలు వసూలు చేసి, తీర్మానాల పుస్తకం రాసే మహిళలు అక్కడున్నారు. సర్పంచ్ చేయాల్సిన పనికి ఇంతకంటే దగ్గరి అనుభవం ఏముంది?

భర్త పాలన అన్న నింద ఎవరికి చెందాలి?

‘మహిళకు ఇచ్చినా కుర్చీలో కూర్చునేది భర్తే కదా, ఎందుకీ శ్రమంతా?’ అన్న మాట చదువుకున్నవారి నోటా వింటాం. ఈ బెడద ఊహ కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీనిపై సలహా కమిటీ వేయవలసి వచ్చింది. ఆ కమిటీ భర్తల పెత్తనానికి కఠినమైన శిక్షలుండాలని సూచించింది.

కానీ ఈ చర్చలో ఒక ప్రశ్న జారిపోతోంది. ఆ మహిళను ఎంపిక చేసింది ఎవరు? ఒక ఊరు ఊహించుకుందాం. సీటు బీసీ మహిళకు కేటాయించారు. మద్దతు కోరేవారు ఇద్దరు. ఒకరు పదేళ్లుగా గ్రామ సంఘం నడిపిన మహిళ. రెండోవారు మాజీ సర్పంచ్ భార్య. ఎన్నడూ సమావేశానికి రాలేదు. నామినేషన్ కాగితాలు కూడా భర్తే నింపాడు. పార్టీ రెండో ఆమెనే బలపరిచింది. నాయకుల కోణంలో ఇది అర్థం లేని పని కాదు. మాజీ సర్పంచ్ దగ్గర డబ్బుంది, మనుషులున్నారు. అతన్ని కాదంటే ఎదుటి పక్షంలో చేరతాడు. కానీ ఆ తర్వాత ‘ఆడవాళ్లకు పాలించడం రాదు’ అనే హక్కు ఈ ఎంపిక చేసినవారికి ఉండదు. పాలన వచ్చిన మహిళ వరుసలో ఉండగా, పాలించని మహిళను వెతికి నిలబెట్టింది వాళ్లే.

కుటుంబ సంబంధం ఉన్నంత మాత్రాన మహిళ బొమ్మ అయిపోదని కూడా చెప్పాలి. ఆరుట్ల కమలాదేవి భర్త రామచంద్రారెడ్డి ఉద్యమ నాయకుడు. మల్లు స్వరాజ్యం అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి. వాళ్లను ఎవరూ ఇంకొకరి నీడ అనలేదు. తండ్రి వారసత్వంతో వచ్చిన మగ నాయకుల్ని మనం ‘తండ్రి పాలన’ అని నిందించడం లేదు కదా. చూడవలసింది సంబంధాన్ని కాదు, పనిని. గ్రామసభలో ఎవరు మాట్లాడుతున్నారు, అధికారి ఫోను ఎవరికి వస్తోంది, సంతకానికి ముందు కాగితం ఎవరు చదువుతున్నారు.

కొత్తగా వచ్చినా, మొదట మాట తడబడినా, మహిళలు పాలించిన చోట పని మారుతుందన్న ఆధారం ఉంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనంలో మహిళలు పెద్దలుగా ఉన్న పంచాయతీలు తాగునీటి పనులపై ఎక్కువ ఖర్చు పెట్టినట్టు తేలింది. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని తరాలుగా చూసిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. నీళ్ల బిందె ఎవరి తల మీద ఉంటుందో, నీటి గురించి ముందుగా అడిగేదీ వాళ్లే.

ఏ మహిళకు?

మహిళలంతా ఒకే గుంపు కాదు. ఒక పార్టీ తెరిచి ఉన్న స్థానాల్లో మహిళలను పెంచి, వాళ్లందరినీ ఊళ్లో భూమి, పలుకుబడి ఉన్న కులాల నుంచే తెస్తే, స్త్రీ పురుష లెక్క సరిపోయినా మరో లెక్క తప్పుతుంది. దళిత, బీసీ సంఘాల నాయకులు ఈ భయం వ్యక్తం చేయడంలో న్యాయముంది. 2018లో ఐదు వందలకు పైగా జనాభా ఉన్న తండాలు పంచాయతీలయ్యాయి. దేవరకొండ, చందంపేట వైపు అలాంటివి ఎన్నో. అక్కడి లంబాడ మహిళ తండాలో సర్పంచ్ కాగలుగుతోంది. మండల పరిషత్ అధ్యక్ష పదవికి మద్దతు అడిగేటప్పటికి ఆమె పేరు మళ్లీ వినిపించదు. ఒక్కో గదిలో విడివిడిగా లెక్క చూస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.

పార్టీలకు నిబంధన పెడితే?

243-డి స్థానాలను కేటాయిస్తుంది. పార్టీలు ఎవరిని బలపరచాలో చెప్పదు. మన దేశంలో తెరిచి ఉన్న స్థానాల్లో మహిళలకు ఇంత శాతం ఇవ్వాలని పార్టీలను ఆదేశించే చట్టం లేదు. అలాంటి చట్టం కావాలని కొందరు, పార్టీ స్వేచ్ఛలో జోక్యమని కొందరు అంటారు.

ఫ్రాన్స్ 2000లో అభ్యర్థుల్లో స్త్రీ పురుష సమానత్వం కోరుతూ చట్టం చేసి, పార్లమెంటు ఎన్నికల్లో పాటించని పార్టీలకు ప్రభుత్వ నిధుల్లో కోత పెట్టింది. డబ్బున్న పెద్ద పార్టీలు చాలా ఏళ్లు ఆ కోతను భరించి పాత దారిలోనే నడిచాయి. మనకు మరింత దగ్గరి పాఠం నేపాల్‌ది. అక్కడ స్థానిక సంస్థల అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండింటికీ పోటీ చేసే పార్టీ, ఇద్దరిలో ఒకరిని మహిళగా నిలపాలి. 2017లో మొత్తం 753 స్థానిక సంస్థల్లో ఉపాధ్యక్షులుగా దాదాపు 700 మంది మహిళలు గెలిచారు. అధ్యక్షులైన మహిళలు 18 మంది. నిబంధన అక్షరాలా అమలైంది, మొదటి కుర్చీ మాత్రం మగవాళ్ల దగ్గరే ఉండిపోయింది. తర్వాతి ఎన్నికల్లో పార్టీలు పొత్తులు కుదుర్చుకుని చెరో పదవికే పోటీ చేయడంతో నిబంధన చాలా చోట్ల వర్తించకుండా పోయింది.

పోలింగ్ సాయంత్రం జరిగే రెండో ఎంపిక

నేపాల్‌లో మహిళలకు రెండో కుర్చీ మిగిలితే, మన పల్లెల్లో కథ తిరగబడుతుంది. మహిళ సర్పంచ్ అయిన ఊళ్లో రెండో కుర్చీ కోసం పోటీ పెరుగుతుంది. ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. ఓటర్లు నేరుగా ఎన్నుకోరు. పోలింగ్ రోజునే ఓట్ల లెక్కింపు ముగిశాక పంచాయతీ సభ్యులు సమావేశమై చేతులెత్తి ఎన్నుకుంటారు. 2018 చట్టం సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. 2019లో ఎన్నికైన పాలకవర్గాల కాలంలో రెండో సంతకం లేకుండా వీధి దీపం బిల్లు కూడా కదిలేది కాదు.

పది వార్డుల పంచాయతీ ఒకటి అనుకుందాం. సర్పంచ్ ఎస్సీ మహిళ. పది మంది వార్డు సభ్యుల్లో ఐదుగురు మహిళలు. ఆరు చేతులు లేస్తే ఉపసర్పంచ్ ఎన్నికవుతారు. పార్టీ తన సభ్యులకు ఒక మోతుబరి పేరు చెబుతుంది. ఐదుగురు మహిళా సభ్యుల చేతులు కూడా ఆ పేరుకే లేస్తాయి, ఎందుకంటే అరుగు మీది నిర్ణయం ఇంట్లోని మగవాళ్ల ద్వారా అప్పటికే వాళ్లకు అందింది. పార్టీ జాబితాలో ఆ ఊరు ‘ఎస్సీ మహిళ, గెలుపు’ అన్న గడిలో నమోదవుతుంది. ఉమ్మడి చెక్ పవర్ ఉన్నంతకాలం ఆమె వేసే ప్రతి పైపులైను చెక్కుకూ అతని సంతకం కావాలి.